నేలబారు తుమ్మెదలు

పెట్టెల్లోంచి గీకుడు వినిపిస్తోందని మొదట చెప్పింది నా కూతురు యాకోమీనా. నేను కింద వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. పైనుంచి చీపురుకర్రతో నేలమీద రెండుసార్లు కొట్టింది. మంత్రసాని మంచం దిగొద్దని చెప్పినప్పటి నుంచీ ఏం కావాలన్నా అలాగే కొట్టేది. చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కాను.

"అమ్మా, విను. గోళ్ళతో అట్టని గీకుతున్నట్టు లేదూ?"

విన్నాను. ఆమె మంచం పక్క గోడ పొడుగునా మూడు అరలు, వాటిమీద అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో రాణి తుమ్మెద. చప్పుడు అన్నిట్లోంచీ రావడం లేదు, కొన్నిట్లోంచే. సన్నగా, ఆగి ఆగి, మళ్ళీ. కిటికీలోంచి ఎండ నిండుగా పడుతున్న పగటివేళ. అయినా నా చేతులమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"బయటికి పోవాలని చూస్తున్నాయిలే," అన్నాను.

"ఇన్నాళ్ళూ పైకి ఎగరాలని చూసేవి. ఇప్పుడు అడుగుని తవ్వుతున్నాయి."

కిందికి వచ్చి బంగాళాదుంపల ముందు కూర్చున్నాను గానీ చెవులు మాత్రం పైనే ఉండిపోయాయి.

ఆ ఏడు మా ఇంట్లో అందరి ప్రాణమూ ఒక్కదాని మీదే ఉంది. యాకోమీనా కడుపు నిలవాలి. అంతకు ముందు రెండు పోయాయి. ఒకటి మూడో నెలలో, ఒకటి అయిదో నెల నిండాక. ఈసారి అయిదో నెల రాగానే మంత్రసాని మంచానికి కట్టేసినంత పని చేసింది. భయపెట్టే మాట చెవిన పడనివ్వొద్దని నాకు వేరే చెప్పింది.

అల్లుడు క్రైన్‌వి మూడు గాజుషెడ్లు. వాటి నిండా టమాటాలు. గాజు కింద గాలి ఆడదు కదా, పూత తనంతట తాను పిందె కట్టదు. ఊళ్ళో ఆడవాళ్ళు వణికే బ్యాటరీ కర్రలు పట్టుకుని గుత్తిగుత్తికీ తాకించుకుంటూ పోయేవాళ్ళు. ఆ పని తుమ్మెదలు ఇంకా బాగా చేస్తాయనే మాట అప్పుడప్పుడే మా దీవికి వచ్చింది. కొందరు పెట్టెలు తెప్పించుకున్నారు. మా క్రైన్ మనమే పెంచుదామన్నాడు. వసంతంలో నిద్రలేచిన రాణిని పట్టి, వెచ్చగా ఉంచి, పుప్పొడి ముద్దా చక్కెరనీళ్ళూ పెడితే అదే మైనం చేసి గుడ్లు పెడుతుందట. ఇంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే గది యాకోమీనాదే. "మూటలా పడి ఉండలేక చస్తున్నాను, నాకో పని ఇవ్వండి," అని తనే అడిగింది. అలా పెట్టెలు ఆ గదికి చేరాయి.

పట్టే పని నాది. సీసా, మూత, ఓ చిన్న పుస్తకం. ఎక్కడ పట్టానో ఏ రోజు పట్టానో పెట్టె మూతమీదా రాసేదాన్ని, పుస్తకంలోనూ రాసేదాన్ని. పడవ మీద పుట్టి పడవ మీద పెరిగినదాన్ని, నేను బడి మొహం చూడలేదు. మా ఆయన పోయాక విస్సె మాస్టారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కొత్తగా వచ్చిన విద్య కదా, అవసరం లేని చోట కూడా రాసేదాన్ని.

ఆ వసంతం చలి వదల్లేదు. తూము దగ్గర విల్లో చెట్లు ఏప్రిల్ నడిమికి గానీ పూయలేదు. పూసిన ఆ పది రోజులూ గాలే గాలి. తుమ్మెద బయటికి వస్తే ఒట్టు. గాలి పడి ఎండ కాసింది రెండే రోజులు, ఆ రెండూ ఆదివారాలే వచ్చాయి. మా ఇళ్ళల్లో ఆదివారం దేవుడి రోజు, చాకు పట్టి కూర కూడా తరగం, ముందురోజే తరిగి పెట్టుకుంటాం. గుడికి పోతూ ఆ చెట్ల కిందనుంచే నడిచాం. కొమ్మకొమ్మకీ రాణులు, కాళ్ళనిండా పసుపు పుప్పొడి పూసుకుని. నేను క్రైన్ మొహం చూశాను. "తుమ్మెదని పట్టడం కూడా పనే, అత్తయ్యా," అన్నాడు టోపీ సర్దుకుంటూ. ఆ గాలిలోనే మిగతా రోజుల్లో పడుతూ లేస్తూ పట్టినవి పదకొండు.

నలభై కావాలి. మే నెల మొదటి వారంలో కరకట్ట ఉత్తరపు వాలులో చూశాను కదా, రాణులు జానెడు ఎత్తులో, గడ్డిని ఒరుసుకుంటూ ఎగురుతున్నాయి. పది అడుగులు పోయి దిగుతాయి, కాళ్ళతో మట్టి గీకుతాయి, మళ్ళీ లేస్తాయి. పువ్వు వైపు చూడవు. కాళ్ళమీద పుప్పొడి లేదు. నా మోకాళ్ళు అసలే అరిగినవి. వెనకాల పరిగెత్తక్కర్లేదు. దిగినదాని మీద సీసా బోర్లిస్తే చాలు. వారంలో ఇరవై తొమ్మిది పట్టాను.

"అత్తయ్యా, మీరు పేరు పెట్టి పిలుస్తారా ఏంటి వాటిని?" అన్నాడు క్రైన్. "మా అమ్మ పిలిస్తే మా కుక్క కూడా ఇంత తొందరగా రాదు."

"పెద్దవాళ్ళంటే గౌరవం వాటికి," అన్నాను. గర్వంగానే ఉంది నాకు.

యాకోమీనా వాటిని చంటిపిల్లల్లా చూసుకుంది. చల్లబడి కదలకుండా పడి ఉన్నదాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఊపిరి ఊదేది. పెట్టెని తెచ్చి పొట్టమీద పెట్టుకునేది, అక్కడ వేడి ఉంటుందని. ఒకరోజు అలా పెట్టుకునే అంది, "వీటిల్లో ఒక్కటి పిల్లల్ని పెడితే చాలమ్మా, నాకూ నిలుస్తుంది."

"దేవుణ్ణి గుర్తులు అడక్కూడదే."

"అడగలేదు. నీకు చెప్తున్నానంతే."

అది మాట అనేసింది, వెనక్కి తీసుకోలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. విల్లో చెట్ల మీద పట్టిన పదకొండిట్లో ఆరు మా చేతగానితనానికి చచ్చిపోయాయి. మిగతావి ముద్ద తింటున్నాయి, నీళ్ళు తాగుతున్నాయి, గుడ్డు మాత్రం లేదు. పొద్దున్నే మూతలు తీసి చూసి, ఏమీ లేదని మూత పెట్టేటప్పుడు యాకోమీనా మొహం చూడలేకపోయేదాన్ని. అందుకని ఓ దొంగపని చేశాను. తను కునుకు తీసినప్పుడు, బొత్తిగా పనికిరావనిపించిన తొమ్మిదింటిని తీసుకుపోయి, పట్టిన చోటే కరకట్ట మీద వదిలేశాను. వాటి పెట్టెల్లో అక్కడే దొరికిన కొత్తవి పెట్టాను. పాపం, బతికిపోతాయిలే అనుకున్నాను కూడా.

ఆ తర్వాత రెండు రోజులకే గీకుడు మొదలైంది. మరో నాలుగు రోజులకి ఒక రాణి చచ్చింది. యాకోమీనా చూడకముందే జేబులో వేసుకుని కిందికి తెచ్చాను. గుడ్లు ఉన్నాయేమో, ఇవాళో రేపో పెట్టేదేమో, ఆ మాట చెప్పుకోవచ్చని నా ఆశ. కత్తెర మొనతో పొట్ట చీల్చాను. గుడ్లు లేవు. తెల్లటి ముక్క ఒకటి బయటికి జారింది. ఆదివారం సూపులో వేసే సేమ్యా ముక్కలా ఉంది, దానిమీద అంతా బుడిపెలు. పొట్టనిండా అదే. చుట్టూ ఉన్న తడి కదులుతోంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తడి కాదు. నూగులాంటి పురుగులు, లెక్కలేనన్ని, ఒకదానిమీద ఒకటి మెలికలు తిరుగుతున్నాయి.

సాసరులో పెట్టి, పైన ఇంకో సాసరు బోర్లించి, విస్సె మాస్టారింటికి నడిచాను. దారిలో ఎవరో పలకరించారు, ఏం చెప్పానో గుర్తులేదు.

మాస్టారి దగ్గర బడి రోజులనాటి ఇత్తడి సూక్ష్మదర్శిని ఉంది. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. నన్నూ చూడమన్నాడు.

"ఇది నులిపురుగు. చీడపురుగుల్ని తినేవి, మొక్కల వేళ్ళని తినేవి ఉన్నాయి, ఇది తుమ్మెద రాణుల్ని పట్టేది. పుస్తకంలో చదివాను, కంటితో చూడ్డం ఇదే. నువ్వు పురుగనుకుంటున్న ఈ పెద్ద ముక్క పురుగు కాదు నెల్లా. దాని గర్భసంచి."

"మరి పురుగేది?"

"ఈ కొసన వెంట్రుకలా వేలాడుతోంది చూడు. అదీ తల్లి."

కూర్చోమని కుర్చీ లాగాడు. ఆకులు రాలే కాలంలో రాణి కరకట్ట మట్టిలో గుంట చేసుకుని చలినిద్రకి పడుకుంటుందట. ఈ ఆడపురుగు అప్పటికే మగదానితో కలిసి ఆ మట్టిలోనే కాచుకుని ఉంటుందట. నిద్రపోతున్నదాని ఒంట్లోకి దూరుతుంది. లోపల ఆ పురుగు గర్భసంచి పురుగు ఒంట్లోంచి బయటికి తిరగబడి, తనంతట తాను పెరగడం మొదలెడుతుంది. తల్లికి మూడువందల రెట్లవుతుంది. తల్లి ఎండి వేలాడుతూ, ఒక్కోసారి రాలిపోతుంది కూడా. సంచి ఆగదు. రాణి ఒంట్లో సారం తాగుతూ గుడ్లు పెడుతూనే ఉంటుంది. గుడ్లు అక్కడే పిల్లలవుతాయి, వేలకొద్దీ.

"రాణికి తన గుడ్లు?" అని అడిగాను.

"ఎదగవు. గూడు కట్టదు. అప్పుడే చావదు కూడా. వసంతమంతా నేలబారుగా తిరుగుతుంది. చలినిద్రకి చోటు వెతుక్కుంటున్నట్టు దిగుతుంది, తవ్వుతుంది. తవ్విన చోటల్లా ఈ పిల్లల్ని మట్టిలోకి దించి పోతుంది. అవి అక్కడ ఎదిగి, జతకట్టి, వచ్చే చలికాలం రాణుల కోసం కాచుకుంటాయి."

"అంటే దానికి తెలీకుండా దానిచేత తవ్విస్తోందా?"

"అలాగే అనుకో."

నేను తేలిగ్గా దొరికాయని మురిసిపోయిన ఇరవై తొమ్మిదీ నా కళ్ళముందు గడ్డిని ఒరుసుకుంటూ ఎగిరాయి. నా కూతురు గుప్పిట్లో పెట్టుకుని ఊపిరి ఊదినవి. పొట్టమీద పెట్టుకున్నవి.

"మనుషులకి వస్తుందా, మాస్టారూ?"

"రాదు. మనిషి ఒంట్లో ఇది బతకలేదు."

మళ్ళీ అడిగాను. రాదన్నాడు. మూడోసారి అడిగితే చేతిమీద చెయ్యి వేశాడు. చెవులు నమ్మాయి. కడుపు నమ్మలేదు. గుమ్మం దాకా వచ్చి, పనికిరానివి ఏం చేస్తున్నావని అడిగాడు. తొమ్మిదింటిని కరకట్ట మీద వదిలేశానని చెప్పాను. ఆయన తల తిప్పి కరకట్ట వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికి వచ్చేసరికి మేడమీద చీపురుకర్ర చప్పుడు. రెండుసార్లు కాదు, ఆగకుండా. నేను పైకెక్కేసరికి యాకోమీనా లేచి కూర్చుని ఉంది. ఒళ్ళో పెట్టె, మూత తీసి ఉంది. రాణి ఒక మూల అట్టని తవ్వుతోంది. అడుగున పరిచిన తడి కాగితాన్ని వేలితో చూపించింది. తెల్లటి వెంట్రుకముక్కల్లాంటివి తడిలో మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవేంటమ్మా?"

"పుప్పొడి నూగే."

"నూగు నడుస్తుందా?"

నేను పెట్టె లాక్కోబోయాను. ఇవ్వలేదు. ఇవే తన చేతులమీద పాకి ఉంటాయని, దుప్పటిమీద రాలి ఉంటాయని, నిద్రలో నోట్లోకి పోయి ఉంటాయని ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయింది. గొంతు పెంచలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. అంతలో మాట ఆపి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. నుదుటిమీద చెమట.

క్రైన్‌ని కేకేశాను. పెట్టెలోని పురుగుల్ని చూశాడు. మంత్రసానికి కబురు చేసి, వచ్చేటప్పుడు పొయ్యిమీది వేన్నీళ్ళ బకెట్టు కూడా మోసుకొచ్చాడు. అన్ని పెట్టెలూ దాంట్లో ముంచేస్తానన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం లేకుండా మాట్లాడని మనిషి, నావైపు చూడకుండా నేరుగా అరల దగ్గరికి పోయాడు.

"ముట్టుకోకు," అంది యాకోమీనా. "ముట్టుకుంటే లేచి నడుస్తాను."

అతను బకెట్టు దించి మెట్లమీద కూలబడ్డాడు.

మంత్రసాని సైకిలుమీద వచ్చింది. చెయ్యి పెట్టి చూసింది, చెవి పెట్టి విన్నది. ఇంకా అయిదు వారాలుంది, ఇప్పుడు రాకూడదంది. నొప్పులు భయంవల్ల వచ్చినవైతే తగ్గుతాయి, కాన్పువైతే తగ్గవు, గంటసేపు చూద్దామంది. కాన్పుకి ఎత్తు చెయ్యడానికి మంచం కోళ్ళకింద పెట్టే కొయ్యదిమ్మలు ఇంకా తెప్పించనే లేదు. వాటికోసం క్రైన్‌ని పంపి, తను చేతులు కడుక్కోవడానికి కిందికి దిగింది.

గదిలో మేమిద్దరమే. గీకుడు. నొప్పి వచ్చినప్పుడల్లా యాకోమీనా అరలవైపే చూస్తోంది.

"అమ్మా, నువ్వు మాస్టారింటికి ఎందుకెళ్ళావు? సాసరు పట్టుకుని పోతుంటే కిటికీలోంచి చూశాను."

భయపెట్టే మాట చెప్పొద్దంది మంత్రసాని. అబద్ధం కోసం వెతికాను. దొరికినవన్నీ పుప్పొడి నూగులాంటివే. చెప్పేశాను. సంచీ, తల్లీ, తవ్వడం, అన్నీ. తేలిగ్గా దొరికాయని పట్టిందాన్ని నేనేనని, తొమ్మిదింటిని వదిలి మట్టి కూడా పాడుచేశానని చెప్పాను.

"నాలోకి వచ్చిందా?"

"మాస్టారు రాదన్నారు."

"నువ్వేమంటావు?"

"నేనూ రాదనే అంటాను. కానీ నాకూ భయంగానే ఉందే."

ఆ మాటకి దాని భుజాలు కొంచెం దిగాయి. తను ఒక్కతే భయపడటం లేదని కాబోలు. కాసేపు గీకుడు వింటూ ఉండి, "అన్నీ గీకడం లేదు," అంది. "గీకనివి ఏవి?"

పుస్తకం తీశాను. మూతలమీది రాతతో సరిచూశాను. కరకట్ట, కరకట్ట, కరకట్ట. అవన్నీ తవ్వుతున్నాయి. విల్లో చెట్ల మీద పట్టినవాటిలో మిగిలిన అయిదూ కింది అరలో ఓ మూలకి ఉన్నాయి. తవ్వేవాటి గొడవలో పడి మేము వాటి మూతలు తీసి నాలుగు రోజులైంది.

"తెరువు," అంది.

నా చెయ్యి లేవలేదు. ఆ అయిదిట్లోనూ ఏమీ లేకపోతే? అది అన్న మాట గదిలోనే ఉంది, అరలమీద ఇంకో పెట్టెలా. గుర్తులడక్కూడదని చెప్పింది నేనే. ఇప్పుడు లోపల్లోపల అడుగుతున్నదీ నేనే.

"తెరవమ్మా."

మొదటి పెట్టెలో రాణి వెల్లకిలా పడి ఉంది. చచ్చి ఒకరోజై ఉంటుంది. రెండోది మూత తియ్యగానే అడుగుని గీకడం మొదలెట్టింది. విల్లో మీద దొరికినదే, దాంట్లోనూ ఆ పురుగు ఉంది. యాకోమీనా పళ్ళు బిగబట్టింది. నొప్పి పోయేదాకా ఆగాను. మూడోది ఊరికే ముద్దపక్కన కూర్చుని ఉంది. ముద్దమీద ఏమీ లేదు. నాలుగో పెట్టె మూతమీద నా రాత వంకరగా ఉంది: తూము, ఏప్రిల్ పద్దెనిమిది. మూత తీశాను. రాణి కదల్లేదు. ఇదీ పోయిందనుకున్నాను. మూత మళ్ళీ పెట్టబోతుంటే కింది నుంచి సన్నగా గుయ్యిమని మోత వచ్చింది. వంగి చూశాను. పొట్టని ముద్దకి అదిమి, కోడి గుడ్లమీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. వేలి కొసతో కొంచెం జరిపాను. కిందుగా కందిగింజంత మైనపు బుడిపెలు, మూడో నాలుగో. ఒకటి పలచబడి, లోపల తెల్లటి పిల్ల మెదులుతోంది.

మళ్ళీ తెల్లగా మెదిలేది. యాకోమీనా పెట్టె అందుకుంది. పొట్టమీద పెట్టుకోలేదు ఈసారి. చెవికి ఆనించుకుంది. ఎంతసేపు విన్నదో నేను చెప్పలేను. అయిదో పెట్టె సంగతి ఇద్దరం మరిచిపోయాం.

మంత్రసాని పైకి వచ్చేసరికి నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం పెరిగింది. కొయ్యదిమ్మలతో క్రైన్ వచ్చేసరికి ఆగిపోయాయి. దిమ్మలు ఎక్కడ పెట్టాలని అడిగితే, "నీ నెత్తిన పెట్టుకో, ఇంకా నెలుంది," అంది యాకోమీనా. అతను మెట్లమీద కూర్చుని ఏడ్చాడు.

గీకే పెట్టెలన్నీ ఆ సాయంత్రమే గడ్డకట్టే పెట్టెలో పెట్టాం. మర్నాడు పొయ్యిలో వేశాం. నాలుగో పెట్టెలోది చిన్న గూడైంది. రెండో షెడ్డులో సగం పూతకి అవి చాలాయి. మిగతాదానికి ఆడవాళ్ళు కర్రలు పట్టుకునే తిరిగారు. జూన్ చివర్లో ఆడపిల్ల పుట్టింది. లీవీనా అని మా అమ్మ పేరు పెట్టారు. చేతులూ కాళ్ళూ వేళ్ళూ నేను రెండుసార్లు లెక్కపెట్టాను. మంత్రసాని చూడకుండా పిల్ల పొట్టమీద చెవి పెట్టి కూడా విన్నాను.

మళ్ళీ వసంతం వచ్చింది. విల్లోలు పూశాయి. నేను కరకట్ట ఉత్తరపు వాలుకి పోయి చూశాను. ముందు ఏడాది కంటే ఎక్కువ కనిపించాయి, లేకపోతే నా భయానికి అలా కనిపించాయో. జానెడు ఎత్తులో, గడ్డిని ఒరుసుకుంటూ, దిగి, గీకి, లేచి. చెవి పెడితే ఆ చప్పుడు వినిపిస్తుందనిపిస్తుంది, మట్టికి చప్పుడుండదని తెలిసినా. తొమ్మిది వదిలాను. ఒక్కోదానిలో ఎన్ని వేలో మాస్టారు చెప్పాడు, ఆ అంకె నేను పుస్తకంలో రాయలేదు.

ఇప్పుడు రోజూ సీసా పట్టుకుని పోతాను. దిగినదాని మీద బోర్లిస్తాను, ఇంటికి తెచ్చి గడ్డకట్టే పెట్టెలో పెడతాను. ఆదివారం కూడా పోతాను. గుడికి పోయేవాళ్ళు నన్ను చూసి తల తిప్పుకుంటారు. క్రైన్ మొదటిసారి చూసినప్పుడు టోపీ సర్దుకుని గుడివైపు నడిచాడు.

పిల్లని తోపుడుబండిలో తెచ్చి రోడ్డుమీద ఆపుతాను, నాకు కనపడేలా. గడ్డిలోకి దించమని చేతులు చాస్తుంది. మనుషులకి రాదని మాస్టారు రెండుసార్లు చెప్పాడు. నాకు తెలుసు. అయినా ఆ పిల్ల కాలు ఆ మట్టిమీద ఇంతవరకూ మోపనివ్వలేదు.